వ్యసనచికిత్సకు ఆచార్యపీఠము

త్రాగుబోతునకు వైద్యమేల, దెబ్బలు చాలవా యని పలుకువారు మన దేశమున నింకను కలరు. వారితో వాదించుటకు మేమీ వ్యాసమును వ్రాయుట లేదు. ఆ వాదము పాతది. దానికి బదులు చెప్పినవారును పలువురు. దుకాణములు మూసివేసినచో త్రాగుడు తనంతట తానే నశించుననువారితోడను మాకిపుడు ముఖ్యమైన పేచీ లేదు. వారిని గుఱించి ముందు కొంత చెప్పుదుము. మా పేచీ మూడవ తెగవారితో. వీరు చదువుకొన్నవారు, మర్యాదస్థులు, తఱచుగా స్వయముగా వైద్యులు. "వ్యసనము రోగమే, కాదనము. కాని దానికొక ప్రత్యేకశాస్త్రమును, ఒక యాచార్యుడును, విశ్వవిద్యాలయమున నొక పీఠమును ఎందులకు? మాన్పించు మాత్రలు రెండు మూడు కలవు, బుద్ధి చెప్పువారొకరుందురు, అంతతో సరి" యని వీరి యభిప్రాయము. బయటి శత్రువుకంటె ఈ యింటి మిత్రుడే మా పక్షమునకు హెచ్చు కీడు చేయుచున్నాడని మేము నమ్ముచున్నాము. ఏలయన, వైద్యకళాశాలలలో ఏ శాఖకు ఎన్ని పడకలు, ఎందఱు బోధకులు, ఎంత ధనము అని తేల్చు సభలలో కూర్చుండువారు వీరే.

మా పక్షమును ముందుగనే చెప్పుదుము. వైద్యకళాశాల యున్న ప్రతి విశ్వవిద్యాలయమునందును మనోవైద్యశాఖలో వ్యసనచికిత్సకొక ప్రత్యేకవిభాగముండవలెను, దానికొక యధ్యక్షుడుండవలెను. ఆ యధ్యక్షుడు రోగులను చూడవలెను, విద్యార్థులకు బోధింపవలెను, పరిశోధన చేయవలెను, ఆ పరిశోధనకు ధనమెవరియొద్ద పుచ్చుకొనరాదో యెఱిగి యుండవలెను. వీనిలో నేదియొకటి లోపించినను తక్కినవి చెడును.

మేము సంస్కృతము కొంత చదివినవారమగుటచే మాటతో మొదలుపెట్టుదుము. చదువరులు క్షమింతురు గాక. వ్యసనశబ్దమునకు మూలము 'అస్' ధాతువు. విసరివేయుట దాని యర్థము. మనుష్యుని వాని మేలునుండి దూరముగా విసరివేయునది వ్యసనము. మనుస్మృతి సప్తమాధ్యాయమున రాజులకు పదునెనిమిది వ్యసనములు చెప్పబడినవి. వేట, జూదము, పగటినిద్ర మొదలగువానితో పాటు మద్యమదమును వానిలో నొకటి. కౌటిల్యుడు అర్థశాస్త్రమున నొక యధికరణమంతయు వ్యసనములకే కేటాయించి, మద్యవ్యవహారములను చూచుటకు సురాధ్యక్షుడను నుద్యోగిని వేఱుగ నియమించెను. ఇంతవరకు చదివి మన పండితులు పుస్తకము మూసివేయుదురు. త్రాగుడు నీతికిని రాజ్యమునకును సంబంధించిన విషయమే యని తేల్చుదురు. కాని చరకసంహిత చికిత్సాస్థానమున 24వ యధ్యాయము మదాత్యయచికిత్స. సుశ్రుతసంహిత యుత్తరతంత్రమునను పానాత్యయమున కొక యధ్యాయము కలదు. జ్వరమునకును కాసమునకును వలెనే త్రాగుడువలని రోగమునకును లక్షణములు, భేదములు, మందులు చెప్పినారు. అంతియ కాదు, అలవాటైన యపథ్యమును ఒక్కుమ్మడిగ గాక పాదము పాదముగ విడువవలెనని చరకుడు సూత్రస్థానమున చెప్పినాడు. నిద్రమాత్రలకు అలవాటుపడినవానికి నేటి వైద్యులు మోతాదును కొంచెము కొంచెముగ తగ్గించు మార్గమును ఇట్టిదే. ఆంగ్లమున 'అడిక్ట్' అను పదము చరిత్రయు వినదగినది. రోమకుల ధర్మశాస్త్రమున ఋణము తీర్పలేనివానిని న్యాయాధిపతి ఋణదాతవశము చేసినపుడు వానికా పేరు. మన పూర్వులు రోగమనిరి, వారు దాస్యమనిరి. పాపమని మాత్రమే యనువారు ఈ రెండు భాషలను సగమే చదివినవారు.

ఇక నసలు విషయమునకు వత్తము. ఈ పీఠము లేనిచో నేమగునో, ఉన్నచో నేమగునో తెలియుటకు అమెరికాచరిత్ర చాలును; ఆ దేశము మొదట పీఠము లేకయే యీ పనిని చేయజూచినది. 1935లో కెంటకీ రాష్ట్రమున లెక్సింగ్టను పట్టణముచెంత వేయి యెకరముల పొలములో ప్రభుత్వమొక గొప్ప కట్టడమును తెఱచెను. అది సగము చెఱసాల, సగము ఆసుపత్రి. నల్లమందునకును మార్ఫియా హెరాయినులకును లోబడినవారు కొందఱు శిక్షపడియు, కొందఱు తమంతట తాముగను అచ్చట చేరిరి. గాలి మంచిది, తిండి మంచిది. పొలముపని, పాడిపని, సంగీతము అన్నియు కలవు. నెలల తరబడి మందు ముట్టక, ఒడలు బాగుపడి, ఇండ్లకు వెడలిరి. వెడలినవారేమైరి? న్యూయార్కు నగరమునకు మరలినవారిని వెంబడించి చేసిన పరిశీలన యొకటి 1962లో ప్రకటితమైనది. నూటికి తొంబదిమందికి మించి మరల పాతదారినే పట్టిరి. అందును చాలమంది ఆఱునెలలలోపుననే. గాలిమార్పు, శ్రమ, కట్టుదిట్టము చాలునని నేటికిని వాదించువారు ఈ యొక్క లెక్కను చదివినను చాలును. 1974లో ఆ చికిత్సాలయమును మూసివేసిరి.

ఆ లెక్సింగ్టనునకు 1964లో హెర్బర్టు క్లెబరు అను యువవైద్యుడు వచ్చెను. యేలు విశ్వవిద్యాలయమున మనోవైద్యమభ్యసించినవాడు. నిర్బంధసేవలో భాగముగ ప్రజారోగ్యశాఖవారు పంపగా వచ్చినవాడే కాని, కోరి వచ్చినవాడు కాడు. రెండేండ్లు గడిపి యేలునకు తిరిగిపోయెను. లెక్సింగ్టనునుండి వచ్చినవాడను వార్త ప్రాకినంతనే రోగులును, వారి తల్లిదండ్రులును, తోడివైద్యులును ఆయన తలుపు తట్టసాగిరి. అంత పెద్ద విశ్వవిద్యాలయములో ఈ రోగమును దగ్గఱనుండి చూచినవారంత యరుదు! తప్పించుకొనలేక ఆయన దానినే తన వృత్తిగ చేసికొని, 1968లో యేలు వైద్యకళాశాలపక్షమున కనెక్టికటు మానసికారోగ్యకేంద్రములో మాదకద్రవ్యచికిత్సావిభాగమును స్థాపించెను.

ఆ విభాగము చేసిన క్రొత్తపని యేమి? ఒకదానితో నొకటి పొసగవని పేరుపడిన చికిత్సలను ఒకే కప్పుక్రింద పెట్టుట. దానికి మూడేండ్లకు ముందు, 1965లో, న్యూయార్కునందు విన్సెంటు డోలు, మేరీ నైస్వాండరు అను వైద్యులిరువురు ఇరువదియిద్దఱు హెరాయిను రోగులకు మెథడోను అను మందును క్రమము తప్పక నోటిద్వారా నిచ్చి, వారు హెరాయినుపై కోర్కె తగ్గి చదువులలో పనులలో కుదురుకొనుటను ప్రకటించియుండిరి. మందునకు బదులు మందేమి, ఇది దాస్యమునకు మాఱుపేరని కొందఱు మండిపడిరి. వ్యసనమునుండి బయటపడగోరువారు ఒకయింట కలిసి బ్రతికి ఒకరినొకరు దిద్దుకొను సమాజములే మార్గమనియు, మందనునదే కూడదనియు వారి పక్షము. క్లెబరు ఈ రెండు మార్గములకును తన విభాగమున చోటిచ్చెను. హెరాయిను మత్తునకు అడ్డుపడు నాల్‌ట్రెక్సోను అను మందును గూడ పరీక్షించెను. రక్తపుపోటునకు వాడు క్లోనిడీను, నల్లమందుజాతి మందులు మానినపుడు కలుగు యాతనను తగ్గించునని 1978లో సహచరులతో కలిసి ప్రకటించెను. ఏ చికిత్స యెవనికి పనికివచ్చునో లెక్క వ్రాసి చూచుటయే యిందలి కీలకము. మఠమునకు గాని, చికిత్సనమ్ముకొను అంగడికి గాని యీ స్వేచ్ఛ యుండదు. తన పద్ధతి తప్పని తేలినచో మఠము మూతపడును, అంగడి దివాలాతీయును. విశ్వవిద్యాలయమున మాత్రము ఒక వ్యాసము వెలువడును, మఱునాడు మఱియొక పరీక్ష మొదలగును.

క్లెబరు 1989లో ప్రభుత్వాహ్వానముపై అధ్యక్షుడు బుష్షు ప్రభుత్వమునందలి మాదకద్రవ్యనియంత్రణ కార్యాలయమున నుపాధికారిగ పనిచేసి, మరల విశ్వవిద్యాలయమునకే వచ్చి, 1992లో భార్యయగు మేరియన్ ఫిష్‌మనుతో కలిసి కొలంబియాయందు మఱియొక విభాగమును కట్టెను, 2018లో మరణించెను. ఆ దేశపు మనోవైద్యపరీక్షామండలి వ్యసనమనోవైద్యమునకు ప్రత్యేకపరీక్షను మొదటిసారి జరిపినది 1993లో. లెక్సింగ్టను తలుపులు తెఱచిన 58 సంవత్సరములకు! పొలము, చెఱసాల, కాపలాభటులు ముందు. పరీక్షనిచ్చి పట్టముపుచ్చుకొన్న వైద్యుడు చివర. ధనికదేశమే యీ క్రమమును తలక్రిందుగ చేసికొని రెండుతరములను పోగొట్టుకొన్నది. మనము దానినే మరల చేయనేల?

ఇట్టి విభాగమున కధ్యక్షత వహించుట యనగా పేరుబల్ల తగిలించుకొని కూర్చుండుట కాదు. రోగులను చూచుట పనిలో నొకపాలు మాత్రమే. కాలేయము చెడి యుదరరోగశాఖలో పండుకొన్నవాడు, మత్తులో బండిపైనుండి పడి యెముకలశాఖలో చేరినవాడు, మనోవైద్యశాఖకు తమంతట తాము రారు. కాలేయమునకు మందిత్తురు, ఎముకకు కట్టు కట్టుదురు, ఇంటికి పంపుదురు. వాడు దారిలోనే దుకాణమున నాగును. ఆ శాఖలలోనికి తన వైద్యులను పంపుట యధ్యక్షుని పని. తోడి యాచార్యులు విసుగుకొందురు, పడకలు వృథాయని వాదింతురు. వారితో ప్రతిదినము పోరాడవలెను. 1985 నాటి మాదకద్రవ్యశాసనముక్రింద, చికిత్సకు వాడు నల్లమందుజాతి మందులకు లెక్కలు తప్పులేకుండ నడపవలెను. నడుపనిచో మందు సంతకు పోవును, నడుపుటకు భయపడినచో రోగికి మందందదు. ఈ రెండు భయముల నడుమ నడచుట నేర్పినగాని పిన్నవైద్యుడు నేర్వడు. ఇక పరిశోధన కనుమతులు, న్యాయస్థానములలో సాక్ష్యములు, ఏడ్చుచు వచ్చు తల్లులు, కోపముతో వచ్చు మామలు. అన్నిటికంటె చిన్నదిగ కనబడి అన్నిటికంటె కష్టమైనది మఱియొకటి కలదు: రోగిపత్రముపై 'త్రాగుబోతు' అని వ్రాయు విద్యార్థిచేత ఆ మాటను కొట్టివేయించి రోగము పేరు వ్రాయించుట. ఇది మర్యాదకొఱకు కాదు. త్రాగుబోతను మాటకు చికిత్స లేదు, రోగమునకు కలదు.

"మనోవైద్యశాఖ యెటులును కలదు గదా!" యని మూడవ తెగవారి ముఖ్యవాదము. కలదు. కాని మన దేశమున వైద్యవిద్యార్థికి మనోవైద్యము ప్రత్యేకముగ నుత్తీర్ణుడు కావలసిన పాఠ్యవిషయము కాదు. సాధారణవైద్యశాస్త్రపు పరీక్షలో నది యొక భాగము. మేము ఇరువదేండ్లకు పైగా పిల్లలకు పాఠములు చెప్పినవారము. పరీక్షలో గట్టిగ నడుగబడనిదానిని చదువుకొను విద్యార్థి తరగతికొకడుండిన అదృష్టమే. వైద్యవిద్యార్థి యీ విషయమున మానవజాతినుండి వేఱుపడినవాడు కాడు. ఇక మనోవైద్యములో నిది యింకను చిన్నభాగము. కావున పట్టము పుచ్చుకొని, జిల్లా యాసుపత్రిలో రాత్రికావలియందు నిలుచు యువవైద్యుని యొద్దకు, రెండుదినములుగ త్రాగుడు మానినవానిని మోసికొనివత్తురు. చేతులు వణకుచుండును, చెమటలు కాఱుచుండును. గోడపై లేని పురుగులను దులుపుచుండును. త్రాగుడు మానిన మొదటి రెండుదినములలో మూర్ఛలు రావచ్చునని, రెండవదినమునుండి నాల్గవదినమువఱకు సన్నిపాతము వంటి మతిభ్రమ కలుగవచ్చునని, అది ప్రాణాపాయకరమని ఆ వైద్యునికెవరైన గట్టిగ నేర్పిరా? నీరసించినాడని గ్లూకోసు ఎక్కించుదురు. బి1 విటమినగు థయమినును ముందుగ గాని దానితోపాటు గాని సూదిద్వారా నీయక గ్లూకోసు ఎక్కించినచో, ఏండ్లతరబడి త్రాగి, తిండి లేక క్షీణించినవాని మెదడు దెబ్బతినవచ్చును. బ్రతికియు భార్యాబిడ్డలను గుర్తుంచుకొనలేని స్థితి కలుగవచ్చును. థయమిను వెల యేపాటిది? లోపించినది మందు కాదు, బోధ.

ఇది యూహాజనితమగు భయమని యెవరైన ననుకొందురేమో. మన తెలుగునాట రెండుమారులు జరిగినదే చెప్పుదుము. తెలంగాణమున కల్లులో క్లోరల్ హైడ్రేటు, డయాజిపాము, ఆల్ప్రాజొలాము అను మత్తుమందులు కలిపి యమ్ముట చిరకాలముగ నున్న దురాచారము. 2015లో ప్రభుత్వము కల్తీపై కఠినచర్య గైకొనెను. చర్య మంచిదే. కాని నిజామాబాదు, మహబూబునగరు మొదలగు జిల్లాలలో, తాము త్రాగునది కల్లే యనుకొన్న కూలీలు, వృద్ధులు, స్త్రీలు ఒక్కసారిగ వణకులతోను మూర్ఛలతోను మతిభ్రమతోను ఆసుపత్రులపాలైరి. నిద్రమాత్రలకు దాసులై యుండిరని వారికే తెలియదు. కల్తీ మాన్పుటకు పూర్వము వైద్యుని పిలిచి 'ఇన్నివేలమందికి ఒక్కమాఱు మందు నిలిచిన నేమగు'నని యడుగుట యెవరికిని తోచకపోయెను. రెండవది 2020. మార్చినెలలో దేశమంతయు దిగ్బంధమై మద్యపుదుకాణములు మూతపడగా, కొలదిదినములలోనే హైదరాబాదు ఎర్రగడ్డ మానసికచికిత్సాలయమునకు రోగులు బారులుగ వచ్చిరి. కేరళప్రభుత్వము వైద్యుని చీటిపై మద్యమిప్పింతునని యుత్తరువు చేసెను, వైద్యులు వలదనిరి, ఏప్రిలు 2వ తేదీన అచ్చటి యున్నతన్యాయస్థానము ఆ యుత్తరువును నిలిపివేసెను. మద్యము మానినవానికి ఆసుపత్రిలో మద్యము కాక వేఱుమందులు కలవనియు, వానిని ప్రతి తాలూకా యాసుపత్రిలో నీయవచ్చుననియు చెప్పి, ఆ పని చేయగలవారిని వేలకొలది ముందే సిద్ధపఱచి యుంచవలసినది గదా! అట్టి సైన్యమును సిద్ధపఱచు స్థలము విశ్వవిద్యాలయము తప్ప వేఱెద్ది?

ఇచ్చట మద్యనిషేధవాదులకు మేమీయవలసిన బదులు వచ్చినది. 1992లో నెల్లూరుజిల్లా దూబగుంటలో, అక్షరములు నేర్చుకొన్న పేదస్త్రీలు సారాదుకాణమును మూయించిన దినము మన యాంధ్రుల చరిత్రలో నొక మహాదినము. ఆ మంటయే 1993లో సారానిషేధముగను, 1995 జనవరిలో సంపూర్ణమద్యనిషేధముగను పరిణమించెను. 1997లో దానిని సడలించిరి. ఆ తల్లులను మేము నిండుమనసుతో గౌరవింతుము. వారు చేయవలసినది వారు చేసిరి. చేయనివారు మనమే, చదువుకొన్నవారము. దుకాణమును మూయుట వారివంతు. మూసిననాడు వారి మగవారికి చికిత్స సిద్ధముగ నుంచుట విద్యావంతులవంతు. ఐదేండ్ల ఆ యుద్యమకాలములో ఏ వైద్యకళాశాలయైనను వ్యసనచికిత్సాపీఠమును స్థాపించి ఆ స్త్రీల గ్రామములకు వైద్యులను పంపినదా? నిషేధము నిలువకపోవుటకు రాబడి మొదలగు కారణములు పెక్కులు చెప్పుదురు. త్రాగుడు మానలేనివానికి మానుటకు దారి చూపకపోవుటయు నొక కారణమని మా దృఢవిశ్వాసము.

చికిత్స లేనిచోట గృహిణులేమి చేయుదురు? పత్రికలలో 'వారికి తెలియకుండ త్రాగుడు మాన్పించు పొడి' యను ప్రకటనలు చదువుదురు. నగ తాకట్టుపెట్టి తెప్పింతురు. ఆ పొడిలో నేమున్నదో అమ్మినవానికే యెఱుక. కొందఱు మందుల దుకాణమున డైసల్ఫిరాము మాత్రలు తెచ్చి పులుసులో నూఱి కలుపుదురు. 1948లో కోపెన్‌హేగనునందు హాల్డు, యాకబ్‌సెను అనువారు దీని గుణమును ప్రకటించిరి. క్రిములకు మందుగ తమపై తామే పరీక్షించుకొనుచుండగా, మద్యము పుచ్చుకొన్నపుడు వికారము కలుగుట గమనించిరి. తెలిసి, ఒప్పుకొని, వైద్యుని కనుసన్నలలో పుచ్చుకొన్నవానికిది మంచి తోడు. తెలియక పుచ్చుకొని పైన త్రాగినవానికి ముఖము జేవురించి, గుండె దడదడలాడి, రక్తపుపోటు పడిపోవును. గుండెజబ్బువానికి ప్రాణమే పోవచ్చును. మాత్ర మానిన తరువాతను కొన్నిదినములు దాని ప్రభావముండును. సోదరీమణులారా, ఈ పని చేయకుడు. మిమ్ము నిందించుట లేదు. మీకు మఱియొక తలుపు తెఱచి యుంచనివారిని నిందించుచున్నాము.

పొడులు పనిచేయనపుడు డీఅడిక్షను సెంటర్లు. వీనిలో మంచివి లేవనము. కాని పేరునకు సెంటరై, తాళము, కఱ్ఱ, ఒక వంటవాడు తప్ప వైద్యుడు లేని యిండ్లు పట్టణపట్టణమున కలవు. అర్ధరాత్రి నలుగురువచ్చి మనిషిని కట్టి తీసికొనిపోవుదురు. మూడునెలలకు ముందుగనే సొమ్ము కట్టించుకొందురు. 2017 నాటి మానసికారోగ్యశాసనము మద్యమాదకద్రవ్యములవలని మనోరోగములను తన పరిధిలో చేర్చి, చికిత్సాస్థలములు నమోదు కావలెనని, రోగిని గొలుసులతో బంధింపరాదని స్పష్టముగ విధించినది. శాసనము కాగితముమీద నున్నది. గొలుసు కాలిమీద నున్నది. అంతకంటె భయంకరమైనది మఱియొకటి కలదు. హెరాయినువంటి మందును కొన్నివారములు మానినవాని శరీరము పాతమోతాదును తాళలేదు. బయటికి వచ్చి, ఒక్కసారి పాత మోతాదు పుచ్చుకొన్నచో ఊపిరి నిలిచిపోవును. 2003లో బ్రిటిషు వైద్యపత్రికలో నొక పరిశీలన వెలువడినది: చికిత్సాలయమున చేరిన 137 మంది నల్లమందుజాతి వ్యసనులలో, విడుదలైన నాల్గునెలలలోపున మోతాదు మించి మరణించినవారు మువ్వురు. ఆ మువ్వురును చికిత్సను నడుమ విడిచిపోయినవారు కారు. చక్కగ పూర్తిచేసికొని, శరీరము శుద్ధియైనదనిపించుకొన్నవారు! శుద్ధిచేసి పంపుటయే చికిత్స యనుకొను అంగడివానికి ఈ సంగతి తెలియునా? తెలిసినచో తల్లిదండ్రులకు చెప్పునా? ఇట్టి సత్యములను కనుగొనువారు రోగి వెడలిపోయిన పిదపను వానిని మఱువక వెంబడించి లెక్కవ్రాయువారు. ఆ యోపిక పరిశోధనాపీఠమునకు గాని యుండదు.

మన దేశమున నిట్టి పీఠములు లేకపోలేదు. ఢిల్లీ అఖిలభారత వైద్యవిజ్ఞానసంస్థవారు 1988లో స్థాపించి, 2003లో ఘాజియాబాదునకు తరలించిన జాతీయకేంద్రము, బెంగుళూరు నిమ్‌హాన్సులోని వ్యసనవైద్యకేంద్రము, చండీగఢు స్నాతకోత్తరసంస్థలోని విభాగము. ఈ మూటను వ్యసనమనోవైద్యమున డీ.ఎం. పట్టమునకు శిక్షణ నిచ్చుచున్నారు. ఘాజియాబాదు కేంద్రమువారే దేశమంతయు తిరిగి 2019లో ప్రకటించిన లెక్క ననుసరించి మద్యము పుచ్చుకొనువారు సుమారు 16 కోట్లు. అందు చికిత్సాసహాయము కావలసినవారు 5.7 కోట్లు. మద్యమునకు దాసులైనవారిలో 38 మందికొకడు మాత్రమే యేదోయొక చికిత్సను పొందినట్లు చెప్పినాడు; ఆసుపత్రిలో చేరి చికిత్స పొందినవాడు 180 మందికొకడు. అంతకుముందు 2015–16లో నిమ్‌హాన్సువారు జరిపిన జాతీయమానసికారోగ్యసర్వేయు మద్యరోగులలో నూటికి 86 మందికి చికిత్స లేదని తేల్చినది. మూడుపీఠములు, కోట్లకొలది రోగులు! ఇంకొక్క లెక్కయు వలదు.

ఇపుడు ధనము సంగతి. దీనిని మా పక్షమువారే దాచుదురు, మేము దాచము. పీఠమునకు సొమ్ము కావలెను, సొమ్ముగలవారిలో మత్తునమ్మువారే ముందుందురు. ఆక్సీకాంటిను అను నొప్పిమాత్రను 1996లో సంతలోనికి తెచ్చి అమెరికాలో వ్యసనపు వెల్లువకు తోడ్పడిన పర్డ్యూ సంస్థ, 2002లో బోస్టనునందలి మసాచుసెట్సు జనరలాసుపత్రిలోని నొప్పిచికిత్సావిభాగమునకు ముప్పదిలక్షల డాలర్లనొసగి దానికి తన పేరు పెట్టించుకొన్నది. ఆ సంస్థ 2007లోను 2020లోను న్యాయస్థానమున నేరమొప్పుకొన్నది. ఆ సంస్థ యజమానులగు సాక్లరు కుటుంబము పేరును టఫ్ట్సు విశ్వవిద్యాలయము 2019లో తన వైద్యభవనములనుండి తీసివేసెను. పేరు చెక్కుట సులభము, చెఱపుట కష్టము. మితముగ త్రాగుట గుండెకు మంచిదా యని తేల్చుటకు పదికోట్ల డాలర్లతో తలపెట్టిన పెద్దపరీక్షను అమెరికా జాతీయారోగ్యసంస్థలు 2018 జూనులో రద్దుచేసినవి. అధికారులే లోపాయికారిగ మద్యవ్యాపారులను సొమ్మడిగిరనియు, పరీక్ష మేలువైపునకే మొగ్గునట్లు రచింపబడినదనియు విచారణలో తేలినది. గొప్పపేరుగల విద్యాసంస్థలే యిట్లు జాఱినవి.

మన స్థితి యింకను చిక్కైనది. ఇచ్చట మద్యముపై పెద్దరాబడి పొందునది ప్రభుత్వమే. ఆసుపత్రిని పోషించునదియు ప్రభుత్వమే. రాజ్యాంగమున 47వ యధికరణము మత్తుపదార్థములను నిషేధింప యత్నింపవలెనని ప్రభుత్వమునకు చెప్పుచున్నది. ఖజానా వేఱొకటి చెప్పుచున్నది. ప్రభుత్వోద్యోగి యగు వైద్యుడు "ఈ గ్రామమున దుకాణము పెరిగినది, నా యొద్దకు రోగులు పెరిగిరి" యని లెక్కతో సహా ప్రకటింపగలడా? ప్రకటించినచో నెచ్చటికి బదిలీయగునో! అందుచేతనే మేము ఆసుపత్రియని గాక విశ్వవిద్యాలయమని పట్టుపట్టుచున్నాము. శాసనసభ యొక్కసారి నియమముగ కేటాయించి, తరువాత చేయి పెట్టరాని ధనము కావలెను; అది మద్యపురాబడిలోనిదే యైనను మాకాక్షేపణ లేదు, ఏలయన శాసనముచే వచ్చునది దానము కాదు. వ్యాపారి యిచ్చునది దానము, దానికి ప్రత్యుపకారముండును. అధ్యక్షునికి బదిలీభయముండరాదు, తన లెక్కలను ప్రకటించు హక్కుండవలెను. ఈ రెండును లేని పీఠమును మాకు చూపి "ఇదిగో మీరడిగినది" యనకుందురు గాక.

ఈ మాసమున చదువరులొక పని చేయుదురని మా ప్రార్థన. మీ యింట గాని బంధువులయింట గాని వైద్యకళాశాలలో కడపటి సంవత్సరము చదువు పిల్లలున్నచో, వణకుచు వచ్చిన త్రాగుబడ్డ రోగికి గ్లూకోసు ఎక్కించుటకు ముందేమి యీయవలెనో యడుగుడు. సరిగ చెప్పినచో, ఎవరు నేర్పిరో అదియు నడుగుడు. చెప్పలేనిచో పిల్లవానిని తప్పుపట్టకుడు. వాని కళాశాల ప్రిన్సిపాలునకు ఉత్తరము వ్రాసి, మీ విద్యాలయమున నీ పాఠము చెప్పుట కెవరిని నియమించినారని మర్యాదగ నడిగి, వచ్చిన బదులును మాకు పంపుడు.